మీ ప్లాన్‌లో అమ్మగారు తల వంచుకుని స్నానం చేయాలి

ప్రశ్న: నంద్యాలలో మాకు 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న స్థలం ఉంది. పడమర రోడ్డు. ఉత్తరం, దక్షిణం పక్కల ఇప్పటికే రెండంతస్తుల ఇళ్ళు లేచాయి. వెనక తూర్పున ఖాళీ జాగా, అది వేరేవాళ్ళది. నేను ప్రైవేట్ స్కూల్లో లెక్కలు చెప్తాను. ఇంట్లో మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ. మేస్త్రీ ప్లాన్ గీసిచ్చాడు, కాపీ జత చేశాను. కింద, పైన రెండంతస్తులు. చదరపు అడుగుకు 1900 చెప్పాడు. 45 లక్షలు దాటితే నా వల్ల కాదు. మా బావమరిది ఫోన్లో ఒక ఎలివేషన్ (ఇంటి ముందువైపు బొమ్మ) చూపించి అచ్చం అలాగే కట్టమంటున్నాడు. ఆర్కిటెక్ట్ దగ్గరికి వెళ్దామంటే "మన ఇంటికి అదెందుకు, డబ్బు దండగ" అంటున్నారు అందరూ. అసలు ఆర్కిటెక్ట్‌లు ఏ సూత్రాల మీద ఇల్లు డిజైన్ చేస్తారు? ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగిస్తారు? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. సాయంత్రాలు ఇంట్లో పదిహేను మంది పిల్లలకు ట్యూషన్ కూడా చెప్తుంటాను, కాబట్టి పని జరిగేటప్పుడు దగ్గరుండి చూసుకునే తీరిక తక్కువ.
— ఒక పాఠకుడు, నంద్యాల

సమాధానం:

మాస్టారూ, మీరు లెక్కలవారు కాబట్టి లెక్కలతోనే మొదలుపెడతాను.

మేస్త్రీ కాగితం మీద ఇల్లు 28 అడుగుల వెడల్పు, 48 అడుగుల పొడవు. అంతస్తుకు 1344 చదరపు అడుగులు, రెండంతస్తులకు 2688. దాన్ని 1900తో గుణించండి. 51 లక్షల 7 వేల 200 వస్తుంది. అందులో ప్రహరీ లేదు, బోరు లేదు, సంపు లేదు, సెప్టిక్ ట్యాంకు లేదు, కప్‌బోర్డులు లేవు. మీ 45 లక్షలు ఇల్లు పూర్తయ్యేలోపే అయిపోతాయి. ఇదే లెక్క పరీక్షలో వచ్చి ఉంటే మీరు కళ్ళు మూసుకుని చేసేవారు. ఇల్లు కట్టేటప్పుడు మాత్రం ఎవరం గుణించం, గదులు లెక్కపెట్టుకుంటాం.

రెండో లెక్క మెట్లది. ప్లాన్‌లో మెట్లకు 6 అడుగులు, 10 అడుగుల జాగా ఇచ్చాడు. కింది నేల నుంచి పై నేలకు పదిన్నర అడుగులు, అంటే 126 అంగుళాలు. పది అడుగుల పొడవులో మధ్య ల్యాండింగుకు, అంటే మెట్లు మలుపు తిరిగే చదునైన చోటుకు రెండున్నర, పైన దిగే చోట రెండున్నర పోతే మిగిలేది ఐదడుగులు. పది అంగుళాల మెట్లు ఆరు పడతాయి. అటు ఆరు, ఇటు ఆరు, రెండు ల్యాండింగుల మీదికి ఎక్కే అడుగులు రెండు, మొత్తం 14 ఎక్కుళ్ళు. 126ను 14తో భాగించండి. ఒక్కో మెట్టు 9 అంగుళాల ఎత్తు. ఇళ్ళల్లో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు, అంటే సుమారు ఏడున్నర అంగుళాలు దాటకూడదని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెప్తుంది. మీ అమ్మగారి మోకాళ్ళ సంగతి అలా ఉంచండి, మీరే నలభై ఐదు దాటాక ఆ మెట్ల మీద రోజుకు నాలుగుసార్లు తిరగలేరు.

మూడో లెక్క ఇంకా బాధాకరం. అమ్మగారి బాత్‌రూమ్‌ను ఆ మెట్ల మధ్య ల్యాండింగు కింద పెట్టాడు. ల్యాండింగు పదిన్నర అడుగుల్లో సగం ఎత్తులో ఉంటుంది, అంటే ఐదడుగుల మూడంగుళాలు. అందులో ల్యాండింగు స్లాబ్ మందం ఆరంగుళాలు తీసేయండి. నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. ఆవిడ పొడవు ఎంతో నాకు తెలియదు కానీ జీవితాంతం వంగి స్నానం చేయాల్సిందే.

మేస్త్రీని తిట్టకండి. ఆయన్ని మీరు "ఎన్ని గదులు వస్తాయి?" అని అడిగి ఉంటారు, ఆయన రప్పించాడు. సిమెంటు పాళ్ళు, ఇటుక వరస, తాడు, తూకం గుండు ఇవన్నీ నాకన్నా ఆయనకే బాగా తెలుసు. ఆయన చేతిలో పెట్టాల్సిన కాగితం తయారు కాకముందే పని చేతిలో పెట్టారు, అంతే.

ఇక మీ అసలు ప్రశ్న: ఎక్కడ మొదలుపెట్టాలి? నేను మొదలుపెట్టేది ప్లాన్‌తో కాదు. మా దగ్గరికి వచ్చినవాళ్ళకు ముందు ఒక నోట్‌బుక్కు ఇచ్చి, ఇంట్లో ఒక మామూలు రోజు ఎలా గడుస్తుందో పొద్దున ఐదు నుంచి రాత్రి పడుకునేదాకా రాయమంటాను. ఎవరు ముందు లేస్తారు, పాల ప్యాకెట్ ఎక్కడ పెడతారు, తడి బట్టలు ఎక్కడ ఆరేస్తారు, గ్యాస్ సిలిండర్ మోసుకొచ్చేవాడు ఏ గదుల్లోంచి నడిచి వస్తాడు, చుట్టాలు వస్తే చెప్పులు ఎక్కడ విప్పుతారు, ఇంట్లో ఒకరు నిద్రపోతుంటే ఇంకొకరు టీవీ ఎక్కడ చూస్తారు. చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. ఒకాయనైతే "మేం అందరిలాగే బతుకుతామండీ" అని నవ్వాడు. రాయించాక తెలిసింది, వాళ్ళావిడ ఇంటి నుంచే పిండివంటలు చేసి అమ్ముతుందని, పండగల ముందు నలుగురు మనుషులు వంటింట్లోనే పని చేస్తారని. ఆయన అడిగిన వంటిల్లు 8 అడుగులు, 9 అడుగులు.

మీ ఉత్తరంలోనూ అలాంటి వాక్యమే ఒకటుంది. చివర్లో, తీరిక లేదని చెప్పడానికి రాశారు: పదిహేను మంది పిల్లలకు ట్యూషన్. మేస్త్రీ ప్లాన్‌లో వాళ్ళకు చోటు లేదు. అంటే వాళ్ళు హాల్లో కూర్చుంటారు. పదిహేను జతల చెప్పులు గుమ్మం ముందు. ఆ రెండు గంటలూ మీ ఇంట్లోవాళ్ళు టీవీ పెట్టుకోలేరు, అమ్మగారు గది దాటి బయటికి రాలేరు, మీ పిల్లలకు చదువుకునే చోటు ఉండదు. మీరు రోజూ చేసే పని, ఇంటికి సంపాదన తెచ్చే పని, ప్లాన్‌లో లేనే లేదు. కుటుంబం ఒక పక్క బతుకుతుంటే ఇంకో పక్క పాఠం జరగాలన్నదే ఈ ఇంటికి మొదటి షరతు. నాలుగు బెడ్‌రూములా మూడా అన్నది తర్వాతి సంగతి.

రోజు కథ రాశాక స్థలం దగ్గరికి. టేపు పట్టుకుని నాలుగు పక్కలూ, రెండు ఐమూలలూ కొలవండి; రెండు ఐమూలలూ సమానంగా లేకపోతే స్థలం దీర్ఘచతురస్రంగా లేదన్నమాట, దస్తావేజుల్లో ఏం రాసి ఉన్నా సరే. మీకిది నేను చెప్పనక్కర్లేదు. తర్వాత పక్కింటివాళ్ళతో కాసేపు కూర్చుని, పెద్ద వానలకు రోడ్డు మీద నీళ్ళు ఎంత ఎత్తుకొచ్చాయో అడిగి గోడ మీద గీత పెట్టుకోండి. కుందూ నది పక్క ఊరి మనిషికి ఇది కొత్తగా చెప్పాలా? బేస్‌మెంట్ ఎత్తు ఆ గీత చూసి తేల్చాలి, పక్కింటి బేస్‌మెంట్ చూసి కాదు. మీ ప్రాంతంలో చాలాచోట్ల నల్లరేగడి నేల. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి పగుళ్ళు విచ్చుతుంది. సాయిల్ టెస్ట్ చేయించకుండా, స్ట్రక్చరల్ ఇంజనీర్ పునాది లోతు చెప్పకుండా గునపం దించొద్దు. ఇంట్లో ఎక్కడైనా పొదుపు చేయండి, ఇక్కడ చేయొద్దు.

ఎండ గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మీది పడమర ముఖం.

నంద్యాల అక్షాంశం సుమారు పదిహేనున్నర డిగ్రీలు. కాబట్టి మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో ఇంకోసారి సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ మధ్య మూడు నెలలూ మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరానికే ఒరిగి ఉంటాడు. "ఉత్తరం వైపు ఎండ రాదు కదా" అని అటు కిటికీలకు సజ్జాలు మానేసేవాళ్ళు ఈ సంగతి ఎండాకాలంలో తెలుసుకుంటారు. అయినా మధ్యాహ్నపు ఎండతో పెద్ద చిక్కు లేదు, పైనుంచి పడుతుంది కాబట్టి సజ్జాకు చిక్కుతుంది. సాయంత్రపు ఎండే చిక్కదు. మే నెలలో నాలుగున్నర ప్రాంతంలో సూర్యుడు నేలకు 30 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. టాన్ 30 విలువ మీకు నోటికొచ్చు: 0.577. రెండడుగుల సజ్జా నీడ గోడ మీద అడుగు రెండంగుళాలే దిగుతుంది. నాలుగడుగుల కిటికీలో దాదాపు మూడడుగులు ఎండలోనే ఉంటాయి. దానికి తోడు గోడ. సాయంత్రమంతా తాగిన వేడిని అది రాత్రి పొద్దుపోయేదాకా లోపలికి వదులుతూనే ఉంటుంది, సరిగ్గా మీరు పడుకునే వేళకు.

మేస్త్రీ ప్లాన్‌లో పడమటి ముఖాన రెండు అంతస్తుల్లోనూ బెడ్‌రూములున్నాయి. బావమరిది గారి ఎలివేషన్‌లో అదే ముఖాన నేల నుంచి పైదాకా అద్దాలున్నాయి. ఆ బొమ్మ ఏ ఊరి ఎండకు గీశారో తెలియదు, ఆ రోడ్డు ఏ దిక్కున ఉందో అంతకన్నా తెలియదు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. కొత్తగా పని మొదలుపెట్టిన రోజుల్లో కడపలో ఒక ఇంటికి పడమటి హాల్లో పెద్ద అద్దాల కిటికీ పెట్టాను. అందంగా ఉందని ఫొటోలు తీసుకుని ఆఫీసు గోడకు తగిలించాను కూడా. ఏడాది తర్వాత మేలో అటు వెళ్తూ ఆగాను. కిటికీకి అడ్డంగా పాత పూల దుప్పటి వేలాడుతోంది, దాన్ని మేకులతో కొట్టారు. ఇంటావిడ నొచ్చుకుంటూ "ఏమీ అనుకోకండి, ఎండ తట్టుకోలేకపోతున్నాం" అంది. తప్పు నాదైతే క్షమాపణ ఆవిడది. ఆ దుప్పటి నాకు కాలేజీలో ఐదేళ్ళు చదివిన దానికన్నా ఎక్కువే నేర్పింది.

ఇప్పుడు కాగితం తీయండి. మీ లెక్కల నోట్‌బుక్కులోని గళ్ళ కాగితమే చాలు, ఒక గడి ఒక అడుగు. 30 గళ్ళు అడ్డం, 60 నిలువు. గోడలు గీయొద్దు. వంట, తిండి, నిద్ర, స్నానం, పూజ, పాఠం, బట్టలు ఆరేయడం ఒక్కోదానికి ఒక గుండ్రని సున్నా చుట్టండి. ఏ సున్నా పక్కన ఏది ఉండాలో, ఏది దేనికి దూరంగా ఉండాలో గీతలతో కలపండి. వంట పక్కన తిండి, అమ్మగారి మంచం పక్కన బాత్‌రూమ్, పాఠానికి నిద్రకు మధ్య ఎంత కుదిరితే అంత దూరం. ఈ పిచ్చి గీతల దశను అందరూ దాటవేస్తారు, ఇంటికి డబ్బు తీసుకునే ఆర్కిటెక్ట్‌లలో కొందరు కూడా. పది పన్నెండు కాగితాలు పారేసేదాకా అసలు గోడ గీయొద్దు.

నేనైతే మీ స్థలంలో ఏం చేస్తానో చెప్తాను, ఆలోచన ఎలా నడుస్తుందో తెలియడానికి. పక్కలకు మూడున్నర అడుగుల చొప్పున, ముందు పది, వెనక ఆరు వదిలితే ఇల్లు 23 అడుగులు, 44 అడుగులు వస్తుంది. మున్సిపాలిటీ వదలమనే కొలతలు స్థలం విస్తీర్ణాన్ని, రోడ్డు వెడల్పును, ఇంటి ఎత్తును బట్టి మారతాయి కాబట్టి గీసేముందు వాళ్ళ దగ్గర రాయించుకోండి. మేస్త్రీలాగా పక్కకు ఒక అడుగు వదలడం మాత్రం కుదిరేది కాదు. అంతస్తుకు 1012 చదరపు అడుగులు, రెండు కలిపి 2024, 1900 చొప్పున 38 లక్షల 45 వేల 600. ప్రహరీకి, బోరుకు, కప్‌బోర్డులకు ఆరున్నర లక్షలు మిగిలాయి. ఒక బెడ్‌రూమ్ తగ్గుతుంది. తగ్గనివ్వండి.

మెట్లు సరిగ్గా రావాలంటే 20 ఎక్కుళ్ళు, ఒక్కోటి 6.3 అంగుళాలు. కాలు పెట్టే పలక పదిన్నర అంగుళాలు. ఒక వరసలో తొమ్మిది పలకలు, అంటే ఎనిమిదడుగులు. రెండు వైపులా మూడేసి అడుగుల ల్యాండింగులు. మొత్తం 14 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. ఇంత పెద్ద ముక్కను ఎక్కడ పెట్టాలి? పడమటి ముఖాన, దక్షిణం వైపు మూలకు, పొడవు రోడ్డుకు సమాంతరంగా. మెట్ల గదిలో ఎవరూ పడుకోరు, పడమటి ఎండంతా అది కాస్తుంది. దాని వెనక పడే బెడ్‌రూమ్ చల్లగా ఉంటుంది. మిగిలిన తొమ్మిదడుగుల ముఖం వసారా, ఇంటి గుమ్మం. మెట్లు వసారాలోంచే మొదలైతే ట్యూషన్ పిల్లలు హాల్లో అడుగు పెట్టకుండా నేరుగా పైకి, ముందు గదిలోకి వెళ్తారు. రేపు పైభాగం అద్దెకివ్వాలన్నా దారి విడిగా ఉంది. వాస్తు చూసే పెద్దలు కూడా మెట్లు పడమరకో దక్షిణానికో పెట్టమనే అంటారు, సింహద్వారం పడమటి వాయవ్యానికి జరిగితే వాళ్ళకు అభ్యంతరం ఉండదు. ఒక్క మెట్ల గదిని జరిపితే వేడి, ట్యూషన్, అద్దె, వాస్తు నాలుగూ ఒక కొలిక్కి వచ్చాయి. మా పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘడియ ఇదే. నాలుగు చిక్కులూ ముందే కాగితం మీద రాసి ఉంటేనే ఇలాంటిది తడుతుంది.

వాస్తు మాట వచ్చింది కాబట్టి: మీ ఇంట్లో నమ్మకం ఉంటే పండితుణ్ణి ఇప్పుడే, గళ్ళ కాగితం మీద ఉండగానే పిలవండి. నైరుతిలో మెట్లు వద్దని ఆయన అంటే అంటారు, మళ్ళీ గీసుకుంటాం, ఖర్చు ఒక రబ్బరు. స్లాబ్ పడ్డాక పిలిస్తే గోడలు కొట్టమంటారు. నాకు వాస్తుతో తగువు ఎప్పుడూ లేదు, ఆలస్యంగా వచ్చే వాస్తుతోనే తగువు.

మంచాలు, బీరువాలు కూడా ఈ దశలోనే గీయాలి. పెద్ద మంచం ఆరడుగుల వెడల్పు, ఆరున్నర పొడవు. అట్ట ముక్కలుగా కత్తిరించి గళ్ళ మీద జరుపుతూ చూడండి. పది అడుగుల గదికి లోపలికి రావడానికి ఒక తలుపు, బాత్‌రూమ్‌కు ఒకటి, బాల్కనీకి ఒకటి పెడితే బీరువాకు గోడ మిగలదు. ప్లాన్‌లో గది పెద్దగానే కనిపిస్తుంది, మంచం వేశాక పక్కకు నడవాల్సి వస్తుంది. తలుపు తెరుచుకునే వంపు గీయని ప్లాన్‌ను నేను ప్లాన్ అనను.

తర్వాత సెక్షన్. పుచ్చకాయను నిలువునా కోసి చూసినట్టు ఇంటిని కోసి గీసే బొమ్మ. మేస్త్రీలు దీన్ని గీయరు, అందుకే ల్యాండింగు కింద బాత్‌రూములు వస్తాయి. ప్లాన్‌లో తల ఎత్తు కనిపించదు, గాలి ఎటు పోతుందో కనిపించదు.

గాలి అనగానే మీ సీమ మిద్దెలు గుర్తొస్తున్నాయి. మట్టి మిద్దె నడుమ గవాచి ఉండేది గుర్తుందా? పైనుంచి వెలుతురు, పైకి వేడిగాలి. మీ అమ్మగారు పుట్టింట్లో చూసే ఉంటారు. మీ స్థలానికి రెండు పక్కలా రెండంతస్తుల గోడలు. పక్క సందుల్లోంచి వచ్చే వెలుతురు అంతంత మాత్రం. వెనకున్న ఖాళీ జాగా ఎల్లకాలం ఖాళీగా ఉండదు, కాబట్టి తూర్పున మీరు వదులుకున్న ఆరడుగులే మీకు గట్టి భరోసా. వంటిల్లు, అమ్మగారి గది అటు పెట్టండి, పొద్దుటి ఎండ ఎవరికీ చేదు కాదు. ఇంటి నడుమకు వెలుతురు మెట్ల గది పైనుంచి రావాలి. డాబా మీద మెట్లు తేలే గదికి ఉత్తరం, తూర్పు వైపు పైన వెడల్పాటి వెంటిలేటర్లు పెట్టండి. నైరుతి రుతుపవనాల గాలి, వాన పడమటి వైపు నుంచి కొడతాయి కాబట్టి అటు వద్దు. సాయంత్రం ఎండకు మెట్ల గది ఎలాగూ వేడెక్కుతుంది. ఆ వేడిగాలి పైకి పోతూ తూర్పు కిటికీల్లోంచి గాలిని లోపలికి లాగుతుంది. మే నెల పగలు కిటికీలు మూసుకోండి, బయట గాలి నిప్పులా ఉంటుంది. పొద్దుగూకాక అన్నీ తెరవండి. మీ మెట్ల గదే మీ గవాచి అవుతుంది. దానికి వసారా దగ్గర తలుపు మాత్రం మరవొద్దు, లేకపోతే ట్యూషన్ గోల కూడా అదే దారిలో ఇల్లంతా తిరుగుతుంది.

మెట్ల గది పడమటి గోడకు ఒక ఆలోచన. ఇటుకలను అంచు మీద నిలబెట్టి, లోపల ఖాళీ వదులుతూ కట్టే ర్యాట్ ట్రాప్ బాండ్ అనే పద్ధతి ఉంది. కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్ట్ దీన్ని బాగా వాడుకలోకి తెచ్చారు. ఇటుకలు నాలుగో వంతు దాకా మిగులుతాయి, లోపలి గాలి వేడికి అడ్డం పడుతుంది. కానీ మీ మేస్త్రీ ఎప్పుడూ కట్టి ఉండకపోతే పట్టుబట్టొద్దు. అలవాటు లేని చేతితో కొత్త పద్ధతి కన్నా తెలిసిన చేతితో మామూలు తొమ్మిదంగుళాల గోడ మేలు. నేలకు మీ పక్కనే బేతంచెర్ల నాపరాళ్ళు ఉండగా దూరం నుంచి జారుడు టైల్స్ తెచ్చుకోకండి, అమ్మగారు తిరిగే చోట అసలే వద్దు.

ఇంత అయ్యాక పిల్లర్లు. కింద పిల్లర్ ఉన్నచోటే పైన పిల్లర్, కింద బాత్‌రూమ్ ఉన్నచోటే పైన బాత్‌రూమ్. ఈ రెండూ పాటిస్తే ఇనుము, పైపులు, లీకులు అన్నీ తగ్గుతాయి. స్ట్రక్చరల్ ఇంజనీర్, ప్లంబర్, ఎలక్ట్రీషియన్ ముగ్గురూ అదే ప్లాన్ కాపీ మీద పనిచేయాలి. తర్వాత పర్మిషన్ డ్రాయింగులు, ఆ తర్వాత మేస్త్రీ చేతికిచ్చే పెద్ద డ్రాయింగులు: ప్రతి కిటికీ కొలత, ప్రతి స్విచ్చు ఎత్తు. వీటిని బట్టే ఎస్టిమేట్ వేయించాలి. చదరపు అడుగు రేటు అన్నది అందాజు మాత్రమే.

ఎలివేషన్ ఎప్పుడు అంటారేమో. అది ఇప్పటికే వచ్చేసింది. పడమటి ముఖాన 14 అడుగుల నిండు గోడ, పక్కన తొమ్మిదడుగుల లోతైన నీడ వసారా, అందులో ఒక అరుగు. దీన్ని బాగా పూత పూయించి మంచి రంగు వేస్తే చాలు. లోపలి నుంచి పుట్టిన ముఖం అది. బావమరిది గారికి నా మాటగా చెప్పండి, అద్దాలు తుడవడానికి మనిషి కూడా మిగిలాడని.

సూత్రాలు అడిగారు. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట రోమ్‌లో విట్రూవియస్ అనే ఆయన కట్టడానికి మూడు గుణాలుండాలని రాశాడు: గట్టిగా నిలబడాలి, పనికి రావాలి, చూడముచ్చటగా ఉండాలి. ఇప్పటికీ మా కాలేజీల్లో మొదటి ఏడాది అదే చెప్తారు. కొలతల పొందిక, వెలుగునీడలు, సమతూకం, లయ ఇలా పాఠాలు చాలా ఉన్నాయి. మీకు అవన్నీ నేర్పడం కన్నా, మీ మెట్ల గది కథలో ఈ మూడూ ఎక్కడున్నాయో మీరే వెతుక్కోండి, మాస్టారు కదా.

ఆర్కిటెక్ట్ కావాలా అంటే, నా అన్నం అదే కాబట్టి నా మాటను కాస్త తగ్గించే తీసుకోండి. 45 లక్షల పనికి కావాలనే అంటాను. 1972 నాటి చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవాళ్ళే ఆర్కిటెక్ట్ అని బోర్డు పెట్టుకోవాలి. రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, తప్పు పట్టరు. ఫొటోలు చూసి ఎంచుకోవద్దు. ఆయన కట్టించిన ఇంట్లో మూడేళ్ళకు పైగా కాపురం ఉంటున్నవాళ్ళ అడ్రస్ తీసుకుని ఎండాకాలం సాయంత్రం ఐదింటికి వెళ్ళండి. దుప్పట్లు వేలాడుతున్నాయేమో చూడండి. ఫీజు దశలవారీగా మాట్లాడుకోండి: స్కెచ్‌లకు ఇంత, డ్రాయింగులకు ఇంత, కట్టేటప్పుడు ఇన్నిసార్లు వచ్చి చూసినందుకు ఇంత. మీకు తీరిక లేదన్నారు కాబట్టి ఆ చివరిది తప్పకుండా రాయించుకోండి. మొదటిసారి కలిసినప్పుడు మీ ఇంట్లో ఎవరెవరు ఎలా ఉంటారని అడగకుండా ఫోన్లో ఎలివేషన్లు చూపించడం మొదలుపెడితే టీ తాగి వచ్చేయండి.

మార్కింగ్ రోజున, ముగ్గుతో గదుల గీతలు పోశాక, గోతులు తీసేవాళ్ళను ఒక పూట ఆపండి. అమ్మగారిని తీసుకెళ్ళి ఆ గీతల మధ్య నడిపించండి. ఆవిడ మంచం ఉండే చోట కుర్చీ వేసి కూర్చోబెట్టి, అక్కడి నుంచి బాత్‌రూమ్‌కు, దేవుడి గూటికి, వసారాకు ఎన్ని అడుగులో ఆవిడే లెక్కపెట్టాలి. ఎక్కడ ఆగి ఊపిరి తీసుకుంటారో అక్కడ గోడకు చేతిపట్టీ రావాలని మేస్త్రీకి చెప్పి రాయించండి.

గళ్ళ కాగితం మీద గీసింది నాకు పంపండి, చూస్తాను. మెట్ల కొలతలు మాత్రం ఈసారి అంగుళాల్లో రాయండి.